వ్యసన విముక్తి కౌన్సెలర్: ఒక వృత్తి పరిచయం

పురపాలక విషయాలలో ‘కౌన్సిలర్’ అనగానే మనకు వార్డు ప్రతినిధి గుర్తుకు వస్తారు. ఈ పాఠం మరొక వృత్తిని గురించినది. మద్యానికి, పొగాకుకు, గంజాయి వంటి మాదకద్రవ్యాలకు, నిద్రమాత్రలకు బానిసలైనవారితోను, వారి కుటుంబాలతోను మాట్లాడి, ఆ స్థితి నుండి బయటపడుటకు తోడ్పడే శిక్షితుడైన వ్యక్తిని వ్యసన విముక్తి కౌన్సెలర్ అంటారు. బెంగళూరులో నివసించే తెలుగు కుటుంబాల యువతీయువకులు ఈ వృత్తిని గురించి ఎందుకు ఆలోచించవలెనో, దానికి ఏమి చదవవలెనో, ఏ విషయాలలో జాగ్రత్త వహించవలెనో ఇందులో తెలుసుకుందాం.

1. సలహా చెప్పడం వేరు, వినడం వేరు

కౌన్సెలర్ అనే మాటకు తెలుగులో ‘సలహాదారు’ అని వ్రాయడం కద్దు. ఆ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. తాగుడుకు బానిసైన మనిషికి సలహాలకు కొదువ లేదు. తల్లి చెప్పింది, భార్య చెప్పింది, పనికి పిలిచే మేస్త్రి చెప్పాడు, పక్క షెడ్డువారు చెప్పారు. ‘మానెయ్’ అన్న మాటను వేయిసార్లు విన్నవానికి మరొకసారి చెప్పుటకు శిక్షణ అక్కరలేదు. అతడు ఎందుకు తాగుతున్నాడో, ఎందుకు మానదలచుకున్నాడో అతని నోటనే పలికించి, ఆ మాటను అతడే వినేటట్లు చేయడం ఈ వృత్తిలోని విద్య.

చికిత్సలో వైద్యుని పని వేరు. వణుకు, మూర్ఛ, కాలేయ వ్యాధి, నిరాశ వంటి వాటికి మందులిచ్చేది వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలు, ప్రత్యేక చికిత్సలు నిర్వహిస్తారు. మొదటి రోజు చరిత్ర వ్రాసుకొనేది, చికిత్స పొడుగునా వ్యక్తిగతంగా, బృందంగా సంభాషణలు జరిపేది, కుటుంబంతో మాట్లాడేది, ఇంటికి పోయిన తరువాత నెలల తరబడి బాగోగులు కనుక్కొనేది కౌన్సెలర్.

2. అవసరం ఎంత?

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ తరఫున ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం దేశవ్యాప్తంగా జరిపిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. 10 నుండి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం, అనగా సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారని, వారిలో 5.7 కోట్లకు పైగా ప్రజలకు మద్యం వల్ల కలిగిన సమస్యలకు సహాయం అవసరమని ఆ నివేదిక తెలిపింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరే.

మద్యం తెచ్చే నష్టం తెలుగు నేలకు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించగా, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. కర్ణాటకలో 2007 జూలై 1 నుండి సారాను నిషేధించారు. దుకాణం మూతపడడం కొత్తవారిని కాపాడవచ్చును. అప్పటికే శరీరం మద్యానికి అలవాటుపడిన మనిషికి మాత్రం వైద్యం, మాట రెండూ కావాలి. ఆ రెండవదానిని అందించే చేతులు తక్కువగా ఉన్నాయి.

3. తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఎందుకు?

ఈ నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారున్నారు. నిన్ననో మొన్ననో అనంతపురం, పాలమూరు, శ్రీకాకుళం ప్రాంతాల నుండి కట్టడపు పనులకు వచ్చినవారూ ఉన్నారు. మొదటివారి పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడతారు. రెండవవారిలో పలువురికి తెలుగు తప్ప మరొకటి రాదు. కడుపునొప్పిని సైగతో చూపించవచ్చును. తాగాలన్న తహతహను, తాగినందుకు కలిగే సిగ్గును సైగతో చెప్పలేము.

ఒక్క మాట చూడండి. తెలుగులో ‘మందు’ అంటే ఔషధం, ‘మందు’ అంటే మద్యం కూడా. ‘పది రోజులుగా మందు మానేశాను’ అని రోగి అంటే తెలుగువారికి సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది. కన్నడంలో ‘మద్దు’, తమిళంలో ‘మరుందు’ ఔషధమే కనుక, ఆ భాషలవారు దానిని ‘మాత్రలు మానేశాడు’ అని వ్రాసుకొనే ప్రమాదమున్నది. తాగుడు మానినందుకు మెచ్చుకొనవలసిన చోట, మాత్రలు వేసుకోనందుకు మందలింపు పడుతుంది.

ప్రాంతపు అలవాట్లు తెలియడం కూడా అంతే ముఖ్యం. రెండు ఉదాహరణలు:

కల్తీ కల్లు: తెలంగాణలోని కొన్ని జిల్లాలలో కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలిపి అమ్మడం చాలాకాలంగా ఉన్నది. దానికి అలవాటుపడిన కూలీ ఊరు విడిచి నగరానికి వస్తే ఆ కల్లు దొరకదు. కొద్ది రోజులలోనే నిద్ర పట్టకపోవడం, వణుకు, పొంతన లేని మాటలు, ఒక్కొక్కసారి మూర్ఛ వస్తాయి. ‘సారాయి, బ్రాందీ తాగుతావా?’ అని అడిగితే అతడు నిజాయితీగానే ‘లేదు’ అంటాడు. ‘ఊళ్ళో కల్లు తాగేవారా? రోజుకు ఎన్ని సీసాలు? ఆఖరుసారి ఎప్పుడు?’ అని అడిగినవారికే వైద్యునికి అందించవలసిన ఆధారం దొరుకుతుంది.

అడ్డపొగ: శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాలలో కొందరు స్త్రీలు చుట్టను నిప్పున్న కొస నోటిలో ఉంచుకొని కాలుస్తారు. అది అంగిలి క్యాన్సరుకు కారణమవుతుంది. ‘సిగరెట్టు తాగుతారా?’ అన్న ప్రశ్నకు వారినుండి నిజం రాదు. అడ్డపొగ పేరు తెలిసినవారు, తప్పుపట్టే ధ్వని లేకుండా అడిగితే వస్తుంది.

దుబాసీగా పిల్లలను కూర్చోబెట్టే అలవాటును మాన్పించడం కూడా తెలుగు కౌన్సెలర్ చేయగల మేలు. బడిలో కన్నడం నేర్చిన పదేళ్ళ పాపతో ‘మీ నాన్న మీ అమ్మను కొడతాడా?’ అని అడిగించడం ఆ బిడ్డకు గాయం. తండ్రి నిజం చెప్పడు, తల్లి నోరు విప్పదు.

4. నేర్వవలసిన విద్య

అ) కొలవడం. ‘రోజూ ఒక క్వార్టరే’ అన్న మాట తరచు వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక ప్రమాణ పానీయంలో 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన దేశపు విస్కీ, బ్రాందీ సీసాలమీద సాధారణంగా 42.8 శాతం అని ముద్రిస్తారు. ఆ లెక్కన 30 మి.లీ.లో సుమారు 10 గ్రాములు, 180 మి.లీ. క్వార్టరులో సుమారు 60 గ్రాములు, అనగా ఆరు ప్రమాణ పానీయాలు ఉన్నట్లు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో దాదాపు నాలుగు. ‘బీరే కదా’ అనుకొనేవారికి ఈ లెక్కను కాగితంమీద వేసి చూపడం మంచి ఆరంభం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పట్టికకు మొత్తం 40 మార్కులు. 8 లేక అంతకు మించి వస్తే తాగుడు హానికర స్థాయికి చేరుతున్నదని గ్రహించాలి.

ఆ) ప్రమాదాన్ని గుర్తించడం. ఎక్కువకాలంగా రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం కలుగవచ్చును. ఈ విషయం తెలియనివారు కౌన్సెలింగ్ చేయరాదు. ఆఖరుసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చును. రెండు, మూడు రోజులకు కొందరికి స్థలకాలాల స్పృహ తప్పి, లేనివి కనిపించి, తీవ్రమైన సన్నిపాత స్థితి కలుగుతుంది. దేవుని మాల వేసుకొనో, ఒట్టు పెట్టుకొనో హఠాత్తుగా మానదలచినవారి సంకల్పాన్ని గౌరవిస్తూనే, ముందుగా వైద్యుని వద్దకు పంపాలి. పోషకాహారం లేనివారికి బి1 విటమిన్ లోపంవల్ల మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చును గనుక ఆ ఇంజక్షన్లు వైద్యులు ముందే ఇస్తారు.

ఇ) దశను తెలుసుకొనడం. ప్రొచాస్కా, డిక్లెమెంటే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలో మార్పును దశలుగా వివరించారు. సమస్య ఉన్నదనే అనుకోని దశ, ఊగిసలాట దశ, సన్నాహ దశ, ఆచరణ దశ, నిలుపుకొనే దశ. ఊగిసలాటలో ఉన్నవానికి ఆచరణ దశకు తగిన మాటలు చెబితే అతడు మరుసటిసారి రాడు.

ఈ) ప్రేరణ కలిగించే సంభాషణ. విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తరువాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన పద్ధతి ఇది. విప్పారిన ప్రశ్నలు అడగడం, మంచిని గుర్తించి చెప్పడం, విన్నదానిని తిరిగి అతనికే వినిపించడం, చివర కూర్చి చెప్పడం దీని అంగాలు. అభ్యాసం కొరకు కల్పించిన ఈ రెండు సంభాషణలను పోల్చండి. కదిరి వైపు నుండి వచ్చిన బేల్దారి పనివాడు ఆసుపత్రికి వచ్చాడనుకుందాం.

మొదటి తీరు:
కౌన్సెలర్: ఇద్దరు పిల్లలున్నారు కదా, మీరిలా తాగితే వాళ్ళ గతేమిటి?
అతడు: తెలుసులే మేడమ్. మా ఇంట్లో కూడా ఇదే చెప్తారు.
కౌన్సెలర్: తెలిసి కూడా ఎందుకు తాగుతున్నారు?
అతడు: రేపట్నుంచి మానేస్తా.

రెండవ తీరు:
కౌన్సెలర్: పని దిగినాక తాగితే మీకు ఏం బాగుంటుందన్నా?
అతడు: ఒళ్ళునొప్పులు తెలీవు మేడమ్. నిద్ర పడుతుంది. షెడ్డులో ఒక్కణ్ణే కదా.
కౌన్సెలర్: నొప్పీ తెలీదు, ఒంటరిగా ఉన్నట్టూ తెలీదు. మరి దాంట్లో మీకు నచ్చనిది ఏదైనా ఉందా?
అతడు: పండక్కి ఊరికి పోతే చిన్నపాప దగ్గరికి రాలేదు. వాసనొస్తాదంది.
కౌన్సెలర్: పాప దగ్గరికి రావాలని మీకుంది.
అతడు: ఉండదా మేడమ్? దానికోసమే కదా ఇంత దూరం వచ్చింది.

మొదటి తీరులో ‘రేపట్నుంచి మానేస్తా’ అన్నది సంభాషణను ముగించుటకు పలికిన మాట. రెండవ తీరులో ఆఖరు వాక్యం అతని సొంతం. కౌన్సెలర్ ఎక్కడా మానమని చెప్పలేదు. అయినా మానుటకు కారణం బల్లమీదికి వచ్చింది. నొప్పి, నిద్ర, ఒంటరితనం అనే మూడు పనులను మద్యం చేస్తున్నదని కూడా తెలిసింది. మద్యాన్ని తీసివేస్తే ఆ మూడింటికి వేరే దారి చూపవలసి ఉంటుంది.

ఉ) తిరగబెట్టినప్పుడు నిలబడడం. మానినవారిలో పలువురు మళ్ళీ తాగుతారు. అమెరికాలోని జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ పరిశోధన సంస్థ ఈ రేటును 40 నుండి 60 శాతంగా చెబుతూ, రక్తపోటు, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులతో పోల్చింది. జీతం వచ్చిన శనివారమా, ఊరి నుండి వచ్చిన ఫోనా, పాత స్నేహితుడా, ఏది దారి తప్పించిందో రోగితో కలిసి వెతికి, రాబోయేసారికి ఉపాయం సిద్ధం చేయడం కౌన్సెలర్ విధి.

ఊ) కుటుంబాన్ని కలుపుకొనడం. విసిగిపోయిన ఇల్లాళ్ళు ఎవరో చెప్పగా డైసల్ఫిరాం మాత్రను కూరలో రహస్యంగా కలపడం జరుగుతుంటుంది. ఆ మాత్ర శరీరంలో ఉండగా మద్యం తాగితే వాంతులు, రక్తపోటు పడిపోవడం, గుండెకు ప్రమాదం కలుగుతాయి. రోగికి తెలిసి, అతడు ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినది అది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమెను దోషిగా నిలబెట్టరాదు. ఆమె పడిన కష్టాన్ని ముందు వినాలి.

5. గోప్యత, చట్టం

వలస కూలీల షెడ్డులలో ఒకే ఊరివారు, ఒకే మేస్త్రి కింద పనిచేసేవారు కలిసి ఉంటారు. కౌన్సెలరూ తెలుగువారే కావడం వల్ల ఒక చిక్కున్నది. మేస్త్రి వచ్చి, ‘మనవాడే కదమ్మా, ఎట్లున్నాడు? పనికి పనికొస్తాడా?’ అని ఆప్యాయంగా అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే ఆ మనిషి పని పోవచ్చును. తరువాత ఆ షెడ్డు నుండి మరెవరూ ఆసుపత్రి మెట్లెక్కరు. ‘ఆయన విషయం ఆయన్నే అడగండన్నా’ అని మర్యాదగా, గట్టిగా చెప్పగలగాలి. తమ బంధువులో, బాగా తెలిసినవారో రోగిగా వస్తే మరొక కౌన్సెలర్‌కు అప్పగించడం నియమం.

2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలో చేర్చింది. 23వ సెక్షను గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని వంటి పరిమిత సందర్భాలకే మినహాయింపు ఉన్నది. రోగిని గొలుసులతో బంధించడాన్ని 95వ సెక్షను నిషేధించింది. చికిత్సా సంస్థలు నమోదు కావడం తప్పనిసరి. నమోదు లేకుండా, తాళాలు వేసి, కొట్టి ‘మాన్పించే’ చోట్ల ఎంత జీతమిచ్చినా ఉద్యోగంలో చేరరాదు. మాదకద్రవ్యాల విషయంలో 1985 నాటి ఎన్‌.డి.పి.ఎస్. చట్టపు 64ఎ సెక్షనును కూడా చదవాలి. వాడకానికి సంబంధించిన నేరమో, స్వల్ప పరిమాణమో మోపబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేస్తే ఆ నేరానికి విచారణ నుండి రక్షణ కల్పించే సెక్షను అది.

6. చదువు, శిక్షణ, ఉద్యోగం

పి.యు.సి. లేక ఇంటర్మీడియట్ తరువాత మనస్తత్వ శాస్త్రం ఒక విషయంగా బి.ఏ., లేక సామాజిక సేవలో పట్టం (బి.ఎస్‌.డబ్ల్యు.) చేయడం మొదటి మెట్టు. తరువాత ఎం.ఎస్‌.డబ్ల్యు.లో వైద్య, మనోవైద్య సామాజిక సేవను గాని, మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ., ఎం.ఎస్‌సి.లను గాని ఎంచుకోవచ్చును. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయుటకు భారత పునరావాస మండలి నమోదు కావాలి. కౌన్సెలర్‌గా చేరినవారు ఆ పేరు పెట్టుకొనరాదు.

2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కౌన్సెలర్లను, మనోవైద్య సామాజిక కార్యకర్తలను తన పరిధిలోకి తెచ్చింది. కనుక దూరవిద్య అయినా, ప్రైవేటు కళాశాల అయినా రుసుము కట్టే ముందు ఆ కోర్సుకు ప్రస్తుతం గుర్తింపు ఉన్నదో లేదో వ్రాతపూర్వకంగా తెలుసుకొనడం మంచిది. వారాంతపు తరగతులతో ‘సర్టిఫైడ్ కౌన్సెలర్’ పత్రమిస్తామనే ప్రకటనలను నమ్మి అప్పు చేయవద్దు.

పట్టం తరువాత ప్రత్యేక శిక్షణ అవసరం. న్యూఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ ఈ రంగంలో శిక్షణలు నిర్వహిస్తుంది. మన నగరంలోని నిమ్హాన్స్‌కు ప్రత్యేక వ్యసన వైద్య విభాగమున్నది. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ నెలకొల్పిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, పూణేలో 1986లో డాక్టర్ అనితా అవచట్ ప్రారంభించిన ముక్తాంగణ్ ఈ రంగంలో పేరుపొందినవి. కొలంబో ప్రణాళిక రూపొందించిన సార్వత్రిక చికిత్సా పాఠ్యక్రమం అంతర్జాతీయంగా ఉపయోగంలో ఉన్నది.

ఉద్యోగాలు కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే సమీకృత పునరావాస కేంద్రాలలో, ప్రభుత్వ ఆసుపత్రుల మనోవైద్య విభాగాలలో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, సూదిమందు వాడేవారికి ప్రత్యామ్నాయ చికిత్స ఇచ్చే కేంద్రాలలో, సహాయ ఫోను కేంద్రాలలో, స్వచ్ఛంద సంస్థలలో లభిస్తాయి. వ్యసనం నుండి కోలుకొన్నవారికి తోటివారి మార్గదర్శకులుగా కూడా స్థానమున్నది. వీటిలో అనేకం ఒప్పందపు ఉద్యోగాలు, ఆరంభ జీతం పరిమితం. ఈ నిజం తెలుసుకొనే ఈ దారి పట్టాలి. మూడు భాషలు ధారాళంగా మాట్లాడగలవారికి ఎంపికలో మొగ్గు ఉండే అవకాశమున్నది. తెలుగు మాట్లాడటమేగాక చదవను, వ్రాయను రావాలి. ఇంటికి పంపే సూచనల కాగితం తప్పులు లేకుండా వ్రాయగలగాలి.

7. ఎవరికి తగిన వృత్తి?

జాలి ఉన్నంతమాత్రాన చాలదు. అబద్ధం విన్నప్పుడు కోపం రాని నిదానం, మౌనాన్ని భరించే ఓర్పు, తమ హద్దు తెలిసిన వినయం కావాలి. ఇంట్లో తాగుబోతు తండ్రితో పెరిగినవారు కొందరు ఈ వృత్తిని ఎంచుకుంటారు. ఆ అనుభవం బలమవుతుంది. అయితే రోగిలో తండ్రిని చూసి తీర్పు చెప్పే ప్రమాదమూ ఉన్నది. అందుకే అనుభవజ్ఞులైన పర్యవేక్షకునితో వారం వారం మాట్లాడుకొనే ఏర్పాటు ఉన్న సంస్థలోనే మొదటి ఉద్యోగం వెతుక్కోవాలి.

గుర్తుంచుకొనవలసిన ఫోను నంబర్లు: వ్యసన విముక్తి జాతీయ సహాయ కేంద్రం 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, పొగాకు మానదలచినవారికి 1800-11-2356.

అభ్యాసం

1. రోజూ 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు (8 శాతం) సీసాలు రెండు తాగే వ్యక్తి ఎన్ని ప్రమాణ పానీయాలు తాగుతున్నట్లు?
2. ‘మందు మానేశాను’ అన్న మాటను స్పష్టం చేసుకొనుటకు మీరు అడిగే రెండు ప్రశ్నలు వ్రాయండి.
3. ఇరవై ఏళ్ళుగా రోజూ తాగే వ్యక్తి రేపు మాల వేసుకొని మానేస్తానని చెప్పాడు. అతని మనసు నొప్పించకుండా వైద్యుని వద్దకు ఎలా పంపుతారు?
4. రెండవ సంభాషణలో కౌన్సెలర్ ప్రశ్న రూపంలో లేని వాక్యాలు రెండుచోట్ల పలికారు. వాటిని గుర్తించి, అవి ఏ పని చేశాయో చెప్పండి.
5. రోగి పినతండ్రి ఫోను చేసి, ‘పిల్ల పెళ్ళి మాట ఉంది, వాడు మానేశాడో లేదో చెప్పమ్మా’ అని అడిగాడు. మీ జవాబును మూడు వాక్యాలలో వ్రాయండి.